ఆగిన తర్వాత

షోలాపూర్,
జనవరి 1978

చెల్లె రాజమణికి లీలక్క ఆశీస్సులు.

నీ కార్డు అందింది. "ఇక్కడ అందరం క్షేమం" అని రాశావు. ఆ అందరిలో నువ్వు ఉన్నావో లేవో తెలియలేదు. నీ కార్డులన్నీ ఇంతే. మీ ఆయన రామ్‌చందర్‌కు దగ్గు తగ్గింది, మరిది భిక్షపతికి డ్యూటీ మారింది, తోటికోడలు సావిత్రి కొడుక్కి పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇవన్నీ ఉంటాయి. నీ మోకాళ్ళ సంగతి మాత్రం ఉండదు. యాభై ఏళ్ళ మనిషివి, నీ ఒంటి గురించి రాసుకోవడానికి కార్డులో ఒక్క మూల కూడా మిగలదా?

ఇక్కడొక విశేషం. మా బీడీల కార్ఖానా వెనక హాలులో ప్రతి శనివారం ఒక డాక్టరమ్మ వచ్చి నలభై దాటిన ఆడవాళ్ళకు పాఠం చెబుతోంది. మందులివ్వదు, సూదులు వెయ్యదు, ఉత్త పాఠమే. మరాఠీలో చెబుతుంది గాని మా తెలుగువాళ్ళ కోసం నిదానంగా చెబుతుంది. మొదటి శనివారం కూర్చుని పల్లికాయలు ఒలుచుకోవచ్చని పోయాను. ఇప్పుడు అందరికంటే ముందు పోయి ముందు వరసలో కూర్చుంటున్నాను. మీ బావ పోయాక, ఆయన ఉన్నప్పుడు కూడా, నా ఒళ్ళు గురించి ఒక మనిషి ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

ముట్టు ఆగిపోయాక ఆడదాని ఎముకలు లోపల గుల్లబారుతాయట. అందుకని పాలు తాగాలి, రాగులు, ఆకుకూరలు తినాలి, పొద్దుటి ఎండలో కూర్చోవాలి, నడవాలి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది గోక్కుని తినకూడదు, అందరితో పాటు కూర్చుని తినాలి. ఈ చివరి మాట చెప్పినప్పుడు హాలంతా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

నీకు ఆగి ఏడాది దాటింది కదా. ఈ పాఠాలన్నీ నీకోసమే. నేను రాస్తూ ఉంటాను, నువ్వు చేస్తూ ఉండు. చెప్తే వినే రకం కాదు నువ్వు, అయినా రాస్తాను.

లీలమ్మ


దబీర్‌పురా, హైదరాబాదు,
ఫిబ్రవరి 1978

లీలక్కకు నమస్కారం.

నువ్వు పంపింది ఉత్తరం కాదక్కా, ఫర్మానా. సలీమాకు చదివి వినిపించాను. సలీమా అంటే మా వెనక గోడ అవతలి ఇంటామె. మగడు ఖాజా చార్మినార్ దగ్గర లక్క గాజులు అమ్ముతాడు, ఈమె ఇంట్లో కూర్చుని వాటికి అద్దాలు అతికిస్తుంది. నడవమన్నావని చెప్పగానే పడీపడీ నవ్వింది. "నల్లా కాడి నుంచి వంటింట్లకు, వంటింట్లకెళ్ళి నల్లా కాడికి. ఔర్ కిత్నా చల్నా, ఇంకెంత నడవాలె రాజమ్మా?" అంది.

ఇక పాలు. పాలు రోజూ వస్తాయి. ఆయన చాయ్‌కి, భిక్షపతి చాయ్‌కి, సావిత్రి కొడుకు గ్లాసుకు పోగా గిన్నె కడిగిన నీళ్ళు మిగులుతాయి. అవి తెల్లగానే ఉంటాయి, కావాలంటే తాగుతాను.

అది అట్లా ఉంచు. నీకు అసలు సంగతి చెప్పాలి. మొన్న మా అత్త మాణిక్యమ్మ సంవత్సరీకం అయింది. అన్నీ అయ్యాక ఆయన మొలతాడు నుంచి దేవుని అర్ర తాళంచెవి తీసి నాకిచ్చాడు. "ఇగ ఇది నీ కాడనే ఉండాలె. నీకిప్పుడు అడ్డమేం లేదు గద" అన్నాడు.

మా ఇంటి ఆచారం నీకు తెలుసు. దేవుని అర్ర ఏలేదీ, ఆషాఢంలో గల్లీ అమ్మవారికి బోనం వండి నెత్తిన పెట్టుకుపోయేదీ ముట్టు ఆగిన ఆడదే. అత్త బతికినంత కాలం అత్తే. పోయిన ఏడు సూతకమని బోనమే లేదు. ఈ ఏడు నేను.

నవ్వకు అక్కా. పెళ్ళయిన నాటి నుంచి నెలనెలా వెనక వాకిట్లో, నీళ్ళ హౌజు పక్కన రేకుల కింద గోనెపట్టా మీద కూర్చున్నాను. పళ్ళెం నేల మీద పెట్టి కట్టెతో నా వైపు నెట్టేవాళ్ళు. ఇద్దరు ఆడపిల్లలను కన్నాను, పెళ్ళిళ్ళు చేసి పంపాను, అయినా దేవుని అర్ర గడప నాది కాలేదు. ఆ తాళంచెవి కొంగుకు కట్టుకున్న రోజు నాకు పెళ్ళినాటి కంటే ఎక్కువ సంతోషమైంది. సావిత్రి ముఖం చూడాలి నువ్వు. ఆమెకు నలభై అయిదే, ఇంకా నెలనెలా గోనెపట్టా మీదికి పోతుంది.

ఆ రోజు పూజలో భిక్షపతి కొబ్బరికాయ కొడుతుంటే చిప్ప తగిలి చెయ్యి తెగింది. పీట మీద నెత్తురు పడింది. నేను నా కొంగుతో తుడిచి, అక్కడే పసుపు అద్ది కట్టు కట్టాను. నా చేత్తో చేసిన మొదటి పూజ అట్లా జరిగింది. అయినా బాగానే జరిగింది.

నీ చెల్లె
రాజమణి


షోలాపూర్,
మార్చి 1978

రాజమణికి,

తాళంచెవి వచ్చినందుకు సంతోషం. దేవుడికి పాలు నైవేద్యం పెడతావు కదా, ఆ పాలు నువ్వే తాగు. దేవుడికి ఎముకలు గుల్లబారవు.

ఈ నెల పాఠాలు. ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి చెమటలు పట్టడం జబ్బు కాదు, కొన్నాళ్ళకు తగ్గుతుంది. దగ్గినా తుమ్మినా ఉచ్చ జారడం మాత్రం ఓర్చుకోవాల్సిన పని లేదు, దానికి కూర్చున్న చోటనే చేసే కసరత్తు ఉంది. డాక్టరమ్మ ఇది ఎంతమందికి ఉందని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ కళ్ళు మూసుకోండి అంది. మూసుకున్నాక లేచాయి. నేను దొంగచూపు చూశాను, సగం హాలు చేతులెత్తింది. మేమందరం ఇన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టినవాళ్ళం.

ఇంకొకటి, నీకు అక్కరలేదు గాని ఇంట్లో సావిత్రికి చెప్పు. ముట్టు గుడ్డలు ఎవరూ చూడకూడదని చీర కింద దాచి నీడలో ఆరేస్తాం చూడు, అది తప్పు. ఎండలో ఆరెయ్యాలి. నీడలో ఆరిన గుడ్డతో లోపల రోగాలొస్తాయట.

ఎవరికైనా సిగ్గుపడి అడగలేని సంగతి ఉంటే చీటీ మీద పేరు లేకుండా రాసిస్తే డాక్టరమ్మ జవాబు చెబుతుంది. నీకేమైనా ఉంటే రాయి, నేను అడుగుతాను.

లీలక్క


దబీర్‌పురా,
ఏప్రిల్ 1978

లీలక్కకు,

నీ మాట మీద నడిచాను. సలీమా గాజుల మూట అంగడికి చేర్చాలంటే నేనూ తోడు పోయాను. పోతున్నంతసేపూ ఆమె బురఖాలోంచి అందరినీ తిడుతూనే ఉంది, సైకిలోణ్ణి, ఆటోవోణ్ణి, దారికి అడ్డం పడుకున్న మేకను. చార్మినార్ దగ్గర మెట్ల మీద కూర్చుని చెరొక చాయ్ తాగాం. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి ఒక్కసారీ అక్కడ కూర్చుని చాయ్ తాగింది లేదు. ఇంటికి వచ్చేసరికి సావిత్రి గుమ్మంలో నిలబడి "ఎక్కడికి పోయినవక్కా గింతసేపు?" అంది. డాక్టరు నడవమందని చెప్పాను. నమ్మలేదు.

నువ్వు చీటీల సంగతి రాశావు కదా. మా పక్కింట్లో ఒకామె ఉంది. ఆమెకు ఆగి ఏడాది బాగానే దాటింది. ఈ మధ్య మళ్ళీ కనబడిందట. ఎక్కువేం కాదు, ఒక రోజు కనబడి పోతుంది, మళ్ళీ కొన్నాళ్ళకు కనబడుతుంది. నొప్పి లేదు. ఎండలు ముదిరాయి కదా, వేడి చేసి ఉంటుందని సబ్జా గింజల నీళ్ళు తాగుతోంది. ఒంట్లో బలం ఉంటే కొందరికి అట్లా తిరిగి వస్తుందని ముసలివాళ్ళు అంటారట. ఆమె భయపడటం లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగింది.

పేరు చెప్పకుండా అడుగు.

రాజమణి


షోలాపూర్,
మే 1978

రాజమణికి,

చీటీ ఇచ్చాను. డాక్టరమ్మ చదివి చాక్‌పీసు పక్కన పెట్టేసింది. కుర్చీ లాక్కుని మా ముందు కూర్చుని చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, రెండుసార్లు చదువు.

ఆగి ఏడాది దాటాక కనబడేది ముట్టు కాదు. ఒక్క చుక్కయినా కాదు. వేడీ కాదు, బలమూ కాదు. అది చిన్న సంగతి కావచ్చు, చాలామందికి చిన్నదే అవుతుంది. పెద్దది కూడా కావచ్చు. ఏదైనదీ లోపల చూస్తేనే తెలుస్తుంది. నొప్పి లేదని ఊరుకోకూడదు, నొప్పి వచ్చేనాటికి ఆలస్యమవుతుంది. ఈ వారమే పెద్దాసుపత్రికి పోయి ఆడ డాక్టరుకు చూపించుకోవాలి.

పక్కింటామె అంటే సలీమాయేనా? అయితే నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకుపో. సలీమా కాకపోతే ఎవరు? రాజీ, నువ్వేనా? నాయిన మీద ఒట్టేసి రాయి.

లీలక్క


దబీర్‌పురా,
జూన్ 1978

లీలక్కకు,

ఒట్లు పెట్టే వయసు కాదు మనది. పక్కింటామె అని రాస్తే పక్కింటామె.

ఆమెకు నీ జవాబు చెప్పాను. పండుగ అయ్యాక పోతానంది. ముందుగా పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నీకు తెలియదు. ఆసుపత్రిలో చీటీ రాసిస్తారు. ఆ చీటీ ఇంటికొస్తుంది. మగడు చూస్తాడు, తమ్ముడికి చెబుతాడు, తమ్ముడు పెళ్ళానికి చెబుతాడు. నెత్తురు కనబడుతోందన్న మాట ఒక్కటి చెవిన పడితే చాలు, గోనెపట్టా పరుస్తారు. బోనం ఇంకొకరికి కూడా పోదు, ఈ ఇంట్లో ఆగినామె ఇంకెవరూ లేదు కాబట్టి, ఈ ఏడు అమ్మవారికి బోనమే ఉండదు. అందుకు కారణం ఆమె అంటారు. ఆ మాట ఆమె జీవితాంతం వినాలి.

నువ్వు బీడీలు చుట్టుకుంటావు, నీ ఇంట్లో నువ్వే అత్తవి నువ్వే కోడలివి. నీకు ముట్టయినా ఆగినా అడిగేవాడు లేడు. శనివారం శనివారం హాలులో కూర్చుని పాఠాలు వినడం తేలికే. ఆ డాక్టరమ్మను ఒక్క నెల మా హౌజు పక్కన కూర్చోమను. అప్పుడు చెప్పమను ఈ వారమే ఆసుపత్రికి పొమ్మని.

ఈ సంగతి ఆయనకు రాసే ఆలోచన పెట్టుకోకు. రాశావంటే నాకు అక్క లేదనుకుంటాను.

రాజమణి


షోలాపూర్,
జులై 1978

రాజీ,

పక్కింటామె సంగతి రాస్తూ రాస్తూ మీ హౌజు దగ్గరికి వచ్చేశావు. ఇక నాకు ఒట్టు అక్కరలేదు.

రామ్‌చందర్‌కు కార్డు రాశాను. డబ్బాలో వెయ్యబోయి చింపేశాను. నా రాత చూసి నిన్ను మళ్ళీ ఆ రేకుల కింద కూర్చోబెడితే నువ్వు నా ముఖం చూడవని తెలుసు. చింపింది మంచికో చెడుకో నాకు తెలియదు.

ఒక్కటి ఆలోచించు. డాక్టరమ్మ అది ముట్టు కాదంది. ముట్టు కానప్పుడు మైల ఎక్కడిది? ఆ మాటే ఇంట్లో చెప్పు. చెప్పి ఆసుపత్రికి పో, వచ్చి బోనం ఎత్తు. రెండూ నీవే అవుతాయి.

అంత ధైర్యం లేకపోతే బోనం దించిన మర్నాడన్నా పో. నా మీద కోపం ఉంటే ఉండనీ. పో.

లీలక్క


దబీర్‌పురా,
ఆగస్టు 1978

లీలక్కకు,

బోనం ఎత్తాను. ముందు అది రాయనీ.

కొత్త కుండకు పసుపు పూసి, బొట్లు పెట్టి, బెల్లమన్నం వండాను. పైన దీపం, చుట్టూ వేపమండలు. చీర లోపల రెండు పాత ధోవతులు మడత మీద మడత పెట్టి కట్టుకున్నాను. గల్లీలో గుమ్మం గుమ్మం దగ్గర ఆడవాళ్ళు నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు. సావిత్రి కూడా పోసింది, వంగి కాళ్ళకు పసుపు రాసింది. డప్పులు కొడుతుంటే నాకు నడుం నొప్పి తెలియలేదు. అమ్మవారి ముందు కుండ దించినప్పుడు, నీకు తెలుసు కదా తల్లీ, అన్నాను. ఆమెకు నా మీద కోపమొచ్చినట్టు అనిపించలేదు.

తర్వాత వారం సలీమా గోడ మీంచి నన్ను పిలిచింది. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసట. నేను వేళ కాని వేళ గుడ్డలు పిండటం చూసిందట. "నా బురఖా ఏస్కో. పండుగకు కుట్టిచ్చిన కొత్తది నేనేస్కుంట. గల్లీల ఎవ్వడు అడగడు. దవాఖానకు పోయి గప్‌చుప్ వస్తం" అంది. వేసుకున్నాను. లోపల ఊపిరాడలేదు, కాళ్ళకు అడ్డం పడింది. గల్లీ మలుపులో పాన్‌డబ్బా దగ్గర భిక్షపతి నిలబడి ఉన్నాడు. పక్కకు జరిగి, సలాం భాభీ అన్నాడు. సలీమా జవాబిచ్చింది. సొంత వదినెకు సలాం కొట్టానని ఇప్పటికీ అతనికి తెలియదు.

పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు మంచిదే. చూసి చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, ఇది ముట్టు కాదు. గర్భసంచి మూతి దగ్గర పుండు. కేన్సర్" అంది. ముక్క కోసి పరీక్షకు పంపారు, అదీ అదే చెప్పింది. ఎప్పటి నుంచి కనబడుతోందని అడిగింది. నీకు ఎండాకాలమని రాశాను కదా, అది అబద్ధం. మొదట కనబడింది అత్త సంవత్సరీకం నాడు, తాళంచెవి చేతికొచ్చిన సాయంత్రమే. అప్పుడే వస్తే ఆపరేషను చేసి తీసేసేవాళ్ళమేమో, ఇప్పుడు పక్కలకు పాకింది, కిరణాలతో పుండును మాడ్చే కరెంటు పెట్టాలి అంది. పెడితే తగ్గుతుందా అంటే చూద్దామంది. ఆ చూద్దాం నాకు అర్థమైంది.

కరెంటు పెట్టాలంటే రోజూ పోవాలి, బురఖాలో దాగేది కాదు. ఇంట్లో చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తమ్ముడితో "డాక్టరమ్మ ముట్టు గాదన్నది గదరా, పుండంట" అన్నాడు. భిక్షపతి "పుండైతేంది అన్నా, నెత్తురు నెత్తురే గద. అమ్మోరి ముంగట గట్ల పోవచ్చునా?" అన్నాడు. సావిత్రి ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే "గందుకే గిట్లయింది. అమ్మోరు ఊకుంటదా?" అంది. ఏడుస్తూనే దేవుని అర్ర పసుపు నీళ్ళతో కడిగింది. తాళంచెవి ఆయన మొలతాడుకు తిరిగి పోయింది.

ఫిబ్రవరిలో అదే అర్రలో, అదే పీట మీద భిక్షపతి నెత్తురు పడింది. నేను కొంగుతో తుడిచాను. అప్పుడు ఎవరూ ఏమీ కడగలేదు. ఈ మాట నా నోటి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదక్కా, లొల్లి అంటే భయం, అంతే.

ఇప్పుడు హౌజు పక్కనే ఉన్నాను, రేకుల కింద. గోనెపట్టా కాదు, మంచం వేశారు. రోగిష్టి మనిషినని.

ముందే పోయి ఉంటే, నువ్వు చెప్పినట్టు రెండూ నావే అయ్యేవి.

రాజమణి


షోలాపూర్,
ఆగస్టు 1978

రాజీ,

కార్ఖానాకు సెలవు చెప్పాను. గురువారం బండికి బయలుదేరుతున్నాను. నన్ను లోపలికి రానిస్తే రానిస్తారు, లేకపోతే నీ మంచం కిందనే చాప పరుచుకుంటాను. నేను వచ్చేదాకా పాలు తాగు. ఈ ఒక్కసారి ఎదురు మాట్లాడకు.

లీలక్క


దబీర్‌పురా,
జులై 1979

లీలక్కకు,

నువ్వు తిరిగి వెళ్ళాక కూడా ఇంట్లో నాకు పాలు మానలేదు. నువ్వు సావిత్రితో ఒక్క మాటా మాట్లాడకుండా అన్ని నెలలు ఆ పాలగిన్నె ఎట్లా లాక్కునేదానివో తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వితే నొప్పి వస్తుంది. కరెంటు పెట్టడం ఎప్పుడో అయిపోయింది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. ఇక చెయ్యడానికి ఏమీ లేదని లేడీ డాక్టరు ఆయనతో అంటుంటే విన్నాను. నాతో మాత్రం బాగా తినమంది.

పోయిన నెల సావిత్రి తనకు ఆగిపోయిందని ఇంట్లో చెప్పింది. మూడు నెలలుగా గోనెపట్టా మీదికి రాలేదు కదా, అందరూ నమ్మారు. ఆయన తాళంచెవి ఇచ్చాడు. ఈ ఆదివారం బోనం ఆమెదే.

అక్కా, నేను పడుకున్నది ఎక్కడ? వెనక వాకిట్లో, హౌజు పక్కన. బట్టలు ఉతికేది ఇక్కడే, ఆరేసేదీ ఇక్కడే. నొప్పికి నిద్ర పట్టదు కాబట్టి పొద్దున్నే లేచి ఎవరు ఏం పిండుకుంటున్నారో నేను చూస్తూనే ఉంటాను. సావిత్రికి ఏమీ ఆగలేదు. పైన చీర, కింద గుడ్డ, నెలనెలా.

పోయిన వారం నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. ముట్టు ఉన్న ఆమె దేవుని అర్రలో ఉంది, ముట్టు లేని నేను మూలకు ఉన్నాను. నా పుండు మైల అయింది, ఆమె మైల బోనం ఎత్తబోతోంది. ఒక్క మాట చాలు ఆయనతో అనడానికి. మధ్యాహ్నమంతా ఆ మాటను నోట్లో పెట్టుకుని పడుకున్నాను.

సాయంత్రం సావిత్రే వచ్చింది. చేతిలో గిన్నె. "అక్కా, బోనానికి బెల్లం ఎప్పుడెయ్యాలె? అన్నం ఉడికినంకనా?" అని అడిగింది.

"ఉడికి దించినంక" అన్నాను. తర్వాత అన్నాను, "సావిత్రీ, గుడ్డలు చీర కింద ఆరెయ్యకు. ఎండల ఆరెయ్యి. నీడల ఆరితే లోపల రోగాలొస్తయి."

"ఏం గుడ్డలక్కా?"

"నువ్వు తెల్లారక ముందు పిండుకునేటియి."

ఆమె గిన్నె పట్టుకునే నేల మీద కూర్చుండిపోయింది. నా వైపు చూడలేదు. "బావకు చెప్తవా?" అంది.

"చెప్పను."

"ఎందుకు?"

నీ బోనం నువ్వెత్తుకో పో అన్నాను. ఆమె మీద జాలి అనుకోకు. దేవుని అర్ర కడిగిన చెయ్యి అది, నేను మరచిపోలేదు. ఆయనతో చెబితే ఆమెను తెచ్చి ఈ రేకుల కిందే, నా మంచం పక్కనే కూర్చోబెడతారు. ఆమె ముఖం నేను చూస్తూ పడుకోవాలి, నా ముఖం ఆమె చూస్తూ కూర్చోవాలి. ఈ మూలకు ఇంకొకరిని తెచ్చుకుని నేనేం చేసుకుంటాను?

మర్నాడు గుడ్డలు చీర కిందనే ఆరేసి ఉన్నాయి. ఎండలో వెయ్యడానికి ఆమెకు మాత్రం ఎక్కడిది ధైర్యం?

నేను ఇంకో ఉత్తరం రాస్తానో లేదో. నువ్వు శనివారాలు మానకు. ఆ చీటీల పద్ధతి మంచిది.

నీ చెల్లె
రాజమణి


షోలాపూర్,
జులై 1980

సావిత్రికి,

నువ్వు నాకు ఉత్తరం రాయలేదు, రాస్తావని నేను అనుకోలేదు. అయినా ఇది రాస్తున్నాను. రాజమణి పోయినప్పుడు మీ ఇంట్లో అన్ని రోజులున్నాను, నీతో మాట్లాడలేదు. ఇప్పుడూ నీ మీద ప్రేమ పుట్టి కాదు.

ఆషాఢం వచ్చింది. ఈ ఏడు మీకు సూతకం, బోనం లేదు. నీకు తీరిక ఉంటుంది. కూర్చుని చదువు. భిక్షపతికి చూపించకు.

పోయిన ఏడు నువ్వెత్తిన బోనం సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పను. చెప్పాల్సిన మనిషే చెప్పకుండా పోయింది. అమ్మవారు నిన్నేమీ చెయ్యలేదు కదా, మా చెల్లెనూ ఏమీ చెయ్యలేదు. ఈ ఒక్క సంగతి ఆ ఇంట్లో నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసి కూడా నువ్వు నోరు విప్పలేవని నాకు తెలుసు. ఆ కోపం నాలో చచ్చేదాకా ఉంటుంది, అది నా సంగతి.

శనివారం పాఠంలో మొన్న మళ్ళీ కొత్తవాళ్ళు చేరారు. డాక్టరమ్మ పాలు, రాగులు, నడక అని మొదలుపెట్టింది. నేను ముందు వరసలోంచి లేచి, అవి తర్వాత చెప్పండి, ముందు అది చెప్పండి అన్నాను. నీకు కూడా ముందు అదే చెబుతున్నాను.

నీకు ఇంకా నాలుగైదేళ్ళలో నిజంగానే ఆగుతుంది. అప్పుడు నువ్వు చెప్పాల్సింది ఏమీ ఉండదు, ముందే చెప్పేశావు కాబట్టి. ఆగి ఏడాది దాటాక ఎప్పుడైనా, ఒక్క చుక్కయినా కనబడితే అది ముట్టు కాదు. దేవుని అర్ర తాళంచెవి నీ కొంగునే ఉంటుంది, ఎవరికైనా చెబితే పోతుందనిపిస్తుంది. బోనం అయ్యాక చూసుకుందామనిపిస్తుంది. అనిపించిన రోజు మా చెల్లె మంచం వేసిన చోటికి పోయి కాసేపు నిలబడు.

అక్కడి నుంచి సలీమా ఇల్లు గోడ అవతలే. మా చెల్లె మీకెవరికీ తెలియకుండా దవాఖానకు వేసుకుపోయిన ఆమె పాత బురఖా ఇంకా ఆమె దగ్గరే ఉంది, పెట్టెలో పెట్టాను అంది. నువ్వు ఏమీ చెప్పనక్కరలేదు. గోడ దగ్గరికి పోయి చెయ్యి చాపితే చాలు, ఇస్తుంది.

లీలమ్మ